ఓరుగల్లు బంటు ఏ డబ్బాలోనూ దొరకడు

నెపోలియన్ సైనికుడి కోటుకు ఏ రెజిమెంటులో గుండీలు ఎట్లా ఉండేవో కనుక్కుని, దాని ప్రకారమే బొమ్మ పోసే కంపెనీలు యూరప్‌లో బోలెడు. రోమన్లు డబ్బాలకు డబ్బాలు దొరుకుతారు. సమురాయ్‌లు, వైకింగులు, ఆఖరికి ఫారోల రథాలు కూడా ఉన్నాయి. మన ప్రతాపరుద్రుడి బంటు మాత్రం నేను చూసిన ఏ కేటలాగులోనూ లేడు.

నాకు హన్మకొండలో పండ్ల ల్యాబు ఉంది. డాక్టర్లు కొలతలు పంపిస్తే కట్టుడు పళ్లు, క్యాపులు చేసి పంపడం నా పని. షట్టర్ సగం దించాక అదే బల్ల మీద, చాలావరకు అవే పనిముట్లతో, 1310లో ఓరుగల్లు మీద జరిగిన ముట్టడిని చిన్న ప్లాస్టిక్ బొమ్మలతో కడుతున్నాను. చూడటానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది ఒకటే: "గీ బొమ్మలు యాడ దొరికినయన్నా?" యాడా దొరకలేదు. ఎక్కడెక్కడి వాళ్లనో పట్టుకొచ్చి మనవాళ్లను చేసుకున్నాను. ఎవరిని ఎందుకు తెచ్చానో, తెచ్చాక ఏం కోశానో, ఏం అతికానో రాస్తున్నా. ఈ పని మీద మనసున్నవాళ్లకు పనికొస్తుంది, లేనివాళ్లకు జర నవ్వుకోవడానికైనా ఉంటుంది.

ముందు ఏ ఘట్టం కట్టాలన్నది తేలాలి. ఢిల్లీ సైన్యాలు ఓరుగల్లు మీదికి వచ్చింది ఒక్కసారి కాదు. 1323లో ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకోవడంతో కాకతీయుల ఏలుబడి ముగిసింది. చాలామంది నన్ను అదే కట్టమన్నారు, అందులో కన్నీళ్లున్నాయని. నేను 1310 తీసుకున్నది కన్నీళ్ల లెక్కన కాదు, సామాను లెక్కన. అల్లావుద్దీన్ ఖిల్జీ పంపిన మాలిక్ కాఫూర్ 1309 చివర్లో ఢిల్లీ నుంచి బయలుదేరి జనవరిలో ఇక్కడ దిగాడు. ఆ దండయాత్రను అమీర్ ఖుస్రో 'ఖజాయిన్-ఉల్-ఫుతూహ్'లో వర్ణించాడు. ఆయన గెలిచినవాళ్ల కవి. పొగడ్తలు, అలంకారాలు జాస్తి. అయినా బొమ్మలు కట్టేవాడికి కావలసిన వస్తువులన్నీ ఆ వర్ణనలో ఉన్నాయి. హనుమకొండ గుట్ట దగ్గర దిగిన దండు, డేరాల చుట్టూ కట్టెలతో కట్టిన కంచె, రాత్రివేళ ఆ శిబిరం మీద పడిన మన రౌతులు, రాళ్లు విసిరే మంజనీకులు, పూడ్చిన కందకం. బయటి మట్టికోట ఎంత గట్టిదంటే ఉక్కు బల్లెం దిగదట, మంజనీకు రాయి తగిలితే పిల్లలాడుకునే గింజలా వెనక్కి ఎగిరి పడుతుందట. ఆ ముక్క చదివాకే రాతికోటను వదిలేసి మట్టికోట దగ్గరికి పోయాను. రాతి తోరణం ఎట్లాగూ ప్రతి బడిలో థర్మకోల్‌తో చేసి పెడుతూనే ఉన్నారు.

ఇగ కొలతలు. లోపలి రాతిగోడ వలయం అడ్డంగా దాదాపు 1.2 కిలోమీటర్లు. 1/72 స్కేలుకు, అంటే అసలులో డెబ్బై రెండో వంతుకు కుదిస్తే 16 మీటర్లు దాటుతుంది. మట్టికోట దానికి రెండింతలు. కందకం వెడల్పు 150 అడుగులు, అంటే బొమ్మల లోకంలో కందకం ఒక్కటే 63 సెంటీమీటర్లు. నా బల్ల మొత్తం రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు. కందకాన్ని సన్నగా చేసి మురుగుకాలువను చెయ్యడం నాకు ఇష్టం లేదు. అందుకని అవతలి ఒడ్డునే తీసేశాను. చూసేవాడే అవతలి ఒడ్డున, అంటే ఢిల్లీ దండు వైపు నిలబడి ఉంటాడు. ఆయన కళ్ల ముందు కందకంలో పూడ్చిన తొవ్వ చివరి భాగం, దాని మీద ఎగబాకుతున్న కాల్బలం, ఎదురుగా మట్టికోట వాలు, వాలు మీద మనవాళ్లు. శత్రువు కళ్లతో మన ఊరిని చూపించడమేందని ఒక పెద్దాయన చిన్నబుచ్చుకున్నారు. కోట ఎంత ఎత్తుందో కింద నిలబడినవాడికే తెలుస్తుంది సార్ అన్నాను.

1/72 ఎందుకంటే, అందులో మనిషి వేలి గోరు మీద నిలబడతాడు, ఒక డబ్బాలో నలభై మంది దాకా వస్తారు. మన దగ్గర సుంకం, కొరియరు కలిపితే డబ్బా ధర రెట్టింపవుతుంది కాబట్టి తల లెక్క చూసుకోక తప్పదు. వార్‌గేమ్ (బల్ల మీద బొమ్మల యుద్ధం) ఆడేవాళ్లకు నచ్చే 28 మిల్లీమీటర్ల బొమ్మలు అందంగా ఉంటాయి గానీ, వాటికి తల పెద్దది, మణికట్టు లావు. దూరం నుంచి చూసినా ముఖం కనబడాలని అట్లా పోస్తారు. పండ్ల పని చేసేవాడి కంటికి ఆ దవడలు అస్సలు ఆనవు. ఐదడుగుల ఐదంగుళాల మనిషి 1/72లో 23 మిల్లీమీటర్లు. ఈ కొలత ఒక చిన్న ఇత్తడి పట్టీ మీద గీత గీసి పెట్టుకున్నాను. ఒకే స్కేలు అని రాసి ఉన్నా ఒక కంపెనీ మనిషి ఇంకో కంపెనీ మనిషి భుజానికి వస్తాడు. గీత దాటినవాడు వెనక వరుసకో, గుంటలోకో పోతాడు.

కొనేటప్పుడు డబ్బా మీది రంగుల బొమ్మను నేను నమ్మను. లోపల బొమ్మలు అతుక్కుని ఉండే ఫ్రేముల ఫొటోలు నెట్‌లో వెతికి చూస్తాను. వేషం చూడను, దేశం చూడను, శతాబ్దం కూడా చూడను. నిలబడిన తీరు చూస్తాను. బట్ట మార్చొచ్చు. టోపీ గీకి సిగ పెట్టొచ్చు. చేతిలో తుపాకి కోసేసి కత్తి ఇవ్వొచ్చు. బరువు ఏ కాలి మీద ఉంది, నడుము ఎటు తిరిగింది, మెడ ఎంత వంగింది అన్నవి మాత్రం పోసినవాడు పెట్టినవే. వాటిని సరిచెయ్యబోతే మొదటి నుంచీ కొత్త బొమ్మ చేసినంత పని.

అట్లా వెతికితే నాకు అందరికంటే ఎక్కువ అక్కరకొచ్చినవాళ్లు జూలూలు. 1879లో బ్రిటిష్ సైన్యాన్ని ఎదిరించిన దక్షిణాఫ్రికా వీరులు. ఇటాలెరీ అనే ఇటలీ కంపెనీ వాళ్ల జూలూ సెట్టు తెరిస్తే ఒంటి మీద అంగీ లేదు, కాళ్లకు చెప్పుల్లేవు, మడమ లేపి ఉరికే కాళ్లు, ఈటె ఎత్తిన భుజం. మొలకున్న తోలు కుచ్చులు గీకేస్తే మిగిలింది వట్టి మనిషి. మట్టికోట వాలు మీద నుంచి కిందికి దూకుతున్న నా బంట్లలో సగం మంది వాళ్లే. ఎన్నో దేశాల బొమ్మలు చూశాను గానీ, వాలు మీద కాళ్లు ఆపుకుంటూ దిగే మనిషి వీళ్లలోనే కనబడ్డాడు.

ఫారోల కాలం ఈజిప్టు బంట్లు కొంచెం బిగుసుకుపోయి ఉంటారు. అయితే గోడ మీద కాపలాకు, ఈటె ఊతంగా పెట్టుకుని కిందికి చూసేవాళ్లకు అదే సరిపోయింది. నడుముకు చుట్టిన గుడ్డ ముందు మడత పెడుతుంది కాబట్టి మన పంచెకట్టుకు సగం దూరం అప్పటికే వచ్చి ఉన్నారు. వెనక కాసె ఒక్కటి పోస్తే చాలు.

'ఇండియన్లు' అని అమ్మే సెట్టు ఒకటి ఉంది. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్లు పేరు చూసి ముందు దాన్నే కొంటారు. వాళ్లు జీలం ఒడ్డున అలెగ్జాండర్‌తో తలపడిన పురుషోత్తముడి సైనికులు, క్రీస్తుపూర్వం 326 నాటివాళ్లు. ప్రతాపరుద్రుడికి పదహారు వందల ఏళ్లు ముందు. నిలువెత్తు విల్లు పట్టుకుని ఉంటారు. మన దేశం వాళ్లే కదా అని తెచ్చి మట్టికోట మీద నిలబెడితే సరిపోదు. వాళ్ల నుంచి విలుకాండ్ర మొండేలు మాత్రం తీసుకున్నాను, వీపు కండరాలు బాగా పోశాడు.

ఢిల్లీ వాళ్ల విషయంలో పని తక్కువ. ఇటాలెరీ సారసెన్లలో (క్రూసేడు యుద్ధాల నాటి ముస్లిం సైనికులు) తలపాగాలు, పొడుగు అంగీలు, గుండ్రటి డాళ్లు ఉన్నాయి. పై శ్రేణి రౌతుల కోసం మంగోల్ సెట్లు తెప్పించాను. ఖిల్జీ సైన్యం ఆ మంగోలులతోనే ఏళ్ల తరబడి వరసగా యుద్ధాలు చేసి వాళ్లను తరిమింది. విల్లు, కవచం విషయంలో ఇద్దరిదీ మధ్య ఆసియా గడ్డిమైదానాల (స్టెప్పీ) సంప్రదాయమే. బొచ్చు టోపీలు కోసి మొనదేరిన శిరస్త్రాణాలు పెడితే పని అయిపోతుంది. గుర్రాలు దిగి నడిచే పూడ్చిన తొవ్వ కాబట్టి రౌతుల కాళ్లే నాకు సమస్య: జీను మీద కూర్చోబెట్టి పోసిన కాళ్లు నేల మీద దొడ్డికాళ్లుగా నిలబడతాయి. అందుకని మొండెం మంగోలుది, కాళ్లు సారసెన్లవి.

ఇక్కడొక చిక్కుంది. ఢిల్లీ సైన్యంలో పాయిక్‌లు అని హిందూ కాల్బలం ఉండేది. అంటే అటు వైపు కూడా అంగీ లేని ఒళ్లు, పంచెలు, సిగలు ఉండాలి. నేను పెట్టాను. అప్పటి నుంచీ ప్రతి ఒక్కరూ అడుగుతారు, "మనోళ్లెవరో పరాయోళ్లెవరో ఎట్ల తెలుస్తదే?" అని. మా అల్లుడైతే మనవాళ్లందరికీ ఒకే రంగు నడికట్టు కట్టమని సలహా ఇచ్చాడు, కబడ్డీ జట్లన్నట్టు. కట్టలేదు. ముఖం ఎటు తిరిగి ఉందో చూస్తే తెలుస్తుంది. ఆ గందరగోళం ఆ రోజు అక్కడున్నవాళ్లకూ ఉండే ఉంటుంది.

ఇగ బల్ల దగ్గరికి వద్దాం. ఒక్క జూలూను ఓరుగల్లు బంటును చెయ్యడం ఎట్లాగో చెప్తాను, మిగతావాళ్లందరికీ దారి అదే.

ఈ బొమ్మలు మెత్తటి పాలిథీన్‌తో పోస్తారు. కత్తితో గీకితే నున్నగా రాదు, నూగు లేస్తుంది. శాండ్ పేపరు పెడితే ఇంకా ఘోరం. దీనికి మందు నా బల్ల మీదే ఉంది, మైనం పనికి వాడే సన్నటి కత్తి. స్పిరిట్ దీపం మీద రెండు క్షణాలు వేడి చేసి నూగు మీదుగా ఒకసారి లాగితే ప్లాస్టిక్ కరిగి నున్నబడుతుంది. ఎక్కువ వేడైతే చెయ్యి మొత్తం కారిపోతుంది, కిటికీ తెరవకపోతే తల తిరుగుతుంది. కోయడానికి సర్జికల్ బ్లేడు 11వ నంబరు, ప్రతి నాలుగైదు బొమ్మలకు కొత్తది. ఒకే లాగులో కోయాలి, రంపం ఆడించొద్దు.

మొదట డాలు తీసేస్తాను. జూలూ డాలు నిలువుగా, ఛాతీ దాకా ఉంటుంది, దాన్ని ఒంటి నుంచి విడదీస్తే పక్కటెముకల దగ్గర బోసి గాయం మిగులుతుంది. వేడి కత్తితోనే దాన్ని కండరంగా మలుస్తాను. తర్వాత ఈటె. మెత్తటి ప్లాస్టిక్‌లో పోసిన ఈటెలన్నీ వంకర, వేడినీళ్లలో ముంచి సాపు చేసినా వారానికి మళ్లీ వాలిపోతాయి. పిడికిలికి పై నుంచి, పంటిని తొలిచే సన్నటి బర్‌తో రంధ్రం పెట్టి, ఎత్తుపళ్లకు క్లిప్పులు కట్టే స్టీలు తీగ దూరుస్తాను. నిజమైన ఈటె కర్ర మూడు సెంటీమీటర్ల మందమనుకుంటే 1/72లో 0.4 మిల్లీమీటర్లు, ఆ తీగ సరిగ్గా ఆ సైజులో వస్తుంది. కొసను సుత్తితో కొట్టి పలకగా చేసి, ఆకురాయితో ఆకు ఆకారం తేవాలి. ఈటె మొనలు చెయ్యడం మొదలుపెట్టిన వారంలో మా ఇంట్లో చెప్పుల్లేకుండా తిరగడం మానేశారు.

చెయ్యి తిప్పాలంటే బొమ్మను బాగా మసిలే నీళ్లలో ముంచి, మెత్తబడగానే వంచి, అట్లనే పట్టుకుని చల్లటి నీళ్లలో పెట్టాలి. మా ఆవిడ చాయ్ గిన్నె ఈ పనికి పోయింది. "గా గిన్నె మళ్ల వంటింట్లకు తేకుండ్రి, మీ బంట్లకే ఉంచుండ్రి" అంది. వంగిన చెయ్యి మెల్లగా పాత చోటుకు పోవాలని చూస్తుంది, కాబట్టి భుజంలో కూడా ఒక తీగ ముక్క.

తర్వాత పంచె. బయట దేశాల వాళ్లు గ్రీన్ స్టఫ్ అనే పుట్టీ వాడతారు. ఇక్కడ ఎం-సీల్ ఉండగా దానికి అన్ని డబ్బులెందుకు? రెండు ముద్దలూ బాగా కలిపి, టాల్కం పౌడర్ చల్లిన గాజు మీద సిగరెట్ కాగితం మందాన ఒత్తి, బ్లేడుతో పట్టీలు కోసుకోవాలి. ఎం-సీల్ తొందరగా గట్టిపడుతుంది, ఒకసారికి ఇద్దరు ముగ్గురికి మించి కట్టలేం. నెమ్మదిగా పని చేసుకోవాలంటే శిల్ప్‌కార్ పుట్టీ నయం. ఒక పట్టీ నడుము చుట్టూ, ఒకటి రెండు కాళ్ల మధ్య నుంచి వెనక్కి లాగి కాసె, ఇంకొకటి ముందు వేలాడే కుచ్చెళ్లు. కుచ్చెళ్ల గీతలు తడి సూదితో గీయాలి. ఉరికే మనిషి పంచె వెనక్కి ఎగరాలి, నిలబడినవాడిది కిందికి జారాలి. ఇది సరిగ్గా చేస్తే జూలూ మాయమవుతాడు. సిగ చిన్న ఉండ మాత్రమే, ఆవగింజలో సగం, చెవి వెనక కొంచెం పక్కకు.

డాలు మాత్రం ఒక్కొక్కటి చెయ్యలేను. గుండ్రంగా, నడుమ బుడిపెతో ఒక్క డాలు మైనంలో చెక్కాను, ఎనిమిది మిల్లీమీటర్లు. దాని మీద పండ్ల అచ్చు తీసే సిలికాన్ పుట్టీ ఒత్తి, ఆ అచ్చులో వేడి అక్కర్లేని యాక్రిలిక్ పోస్తే రోజుకు ఎన్నైనా వస్తాయి. పంటి మీద గీతను పట్టే మెటీరియలుకు డాలు బుడిపె ఒక లెక్క కాదు. ఇంకొకరి కంపెనీ బొమ్మను అచ్చు తీసి పోసుకోవడం నాకు ఇష్టం ఉండదు, నేను చెక్కినదాన్నే పోసుకుంటాను. మా దగ్గర పని చేసే పిలగాడు మాత్రం గోల పెడతాడు: "అన్నా, డాక్టరు సాబ్ రెండింటికి వస్తనన్నడు, మీరేమో పండ్ల సెట్టు పక్కకువెట్టి డాళ్లు పోస్తున్నరు!"

సరే, పంచె, సిగ, గుండ్రటి డాలు అని ఇంత ధీమాగా చెప్తున్నావు, ఎక్కడ చూశావు అంటారు. సినిమాల్లో మన రాజుల సైనికులకు తొడిగే తోలు జాకెట్లు, ముంజేతి పట్టాలు చూసి మాత్రం కాదు. మనకు రాళ్లున్నాయి. తెలంగాణ ఊళ్ల పొలిమేరల్లో వీరగల్లులు కనబడతాయి. పోరులో పోయిన మనిషి కింది అరలో కత్తి ఎత్తి ఉంటాడు, పై అరలో అప్సరసలు చేతులు పట్టి తీసుకుపోతుంటారు, అన్నిటికంటే పైన శివలింగం. కొన్నింటికి సున్నం, జాజు పూసి పూజిస్తారు, అప్పుడు చెక్కడం పూడిపోతుంది. పొద్దు వాలేటప్పుడు పోవాలి. ఏటవాలు ఎండలో కాసె మడతలు, నడికట్టులో దోపిన బాకు, చెవి పోగులు బయటపడతాయి. మధ్యాహ్నం పోతే నున్నటి బండ తప్ప ఏమీ కనబడదు.

ఆ రాళ్ల మీది మనిషి రెండు మోకాళ్లూ వంచి, కాళ్లు ఎడంగా పెట్టి, బరువు కిందికి దించి నిలబడతాడు. యూరప్ బొమ్మల్లో కత్తి పట్టినవాడు ఒక కాలు నిటారుగా పెట్టి ముందుకు వాలతాడు. నేను ఇంతకుముందు చెప్పిన 'తీరు' అదే. మనవాళ్ల నిలువు రామప్పకు పోతే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 1213 నాటి గుడి, స్తంభాల మీద నర్తకులు, పక్కన మద్దెలగాళ్లు, ఒక్కరి మోకాలూ నిటారుగా లేదు. గణపతిదేవుడి ఏనుగుల దళానికి అధిపతి జాయప సేనాని 'నృత్తరత్నావళి' రాశాడు. యుద్ధం తెలిసినవాడే నాట్యం గురించి రాశాడు. ఆలీఢం, ప్రత్యాలీఢం అని విలుకాడి కాళ్ల తీరుకు పేర్లున్నదీ ఆ శాస్త్రంలోనే. నేను జూలూలను ఎంచుకోవడానికి అసలు కారణం కూడా ఇదే, వాళ్లకు మోకాళ్లు వంగి ఉన్నాయి.

గోడ మీద నాయకుడికి, ఆయన పక్కనున్న లెంకలకు మాత్రం కొంచెం మర్యాద చేశాను. లెంకలంటే ఏలికతో పాటే చావుకు సిద్ధమని ప్రమాణం చేసినవాళ్లు. వాళ్లకు మెడలో హారం, జబ్బకు దండకడియం. కాకతీయుల ముద్ర వరాహం కాబట్టి జెండా మీదికి దాన్నే తెచ్చుకున్నాను. ఏడు మిల్లీమీటర్ల గుడ్డ మీద వరాహం వేస్తే ఎలుకలా వస్తుంది, కోరలు పెద్దవి చేస్తే గానీ పంది కాలేదు.

రంగుల దగ్గర ఒక్కటే చెప్పాలి. 'ఫ్లెష్' అని రాసి అమ్మే సీసా కొనొద్దు. అది తెల్లవాళ్ల చర్మం. కామ్లిన్ ట్యూబుల్లో బర్న్‌ట్ అంబర్‌కు ఎల్లో ఓకర్, రవ్వంత ఎరుపు కలిపితే ఎండన పడి తిరిగే మన ఒళ్లు వస్తుంది. అందరికీ ఒకే రంగు పెట్టొద్దు, మన బస్సులో నిలబడి చూస్తే ఎన్ని రంగులుంటామో తెలుస్తుంది. రంగు వేసే ముందు బొమ్మలను విమ్‌తో కడిగి ఆరబెట్టి, నీళ్లు కలిపిన ఫెవికాల్ ఒక పూత వెయ్యాలి. లేకపోతే ఈ ప్లాస్టిక్ మీద రంగు పొలుసులుగా రాలిపోతుంది. బట్టలకు తెలుపంటే పాలతెలుపు కాదు, ఉతికి ఉతికి మాసిన నూలు. ఎరుపుకు మంజిష్ఠ, నీలానికి నీలిమందు, ఆ ఛాయలు దాటి పోలేదు. మెరిసే గులాబి, చిలకపచ్చ ఒక్క చోటా లేవు.

మట్టికోటను ఇప్పుడు చూసి అట్లనే దించితే పెద్ద తప్పు జరుగుతుంది. ఇప్పుడు ఆ కట్ట మీద సర్కారు తుమ్మ గుబురుగా పెరిగింది. దాని పుట్టుక అమెరికా ఖండం. వయ్యారిభామ కూడా అంతే. 1310లో ఇవి ఇక్కడ లేవు. మిర్చి చేన్లూ లేవు, మక్కజొన్నా లేదు, ఇవన్నీ పోర్చుగీసువాళ్ల రాక తర్వాతి సంగతి. వరంగల్ అనగానే మిర్చి గుర్తొచ్చే మనకు ఇది మింగుడుపడదు, దూరాన ఎర్రటి కల్లం ఒకటి పెట్టమని అడిగినవాళ్లున్నారు. నేను పెట్టినవి తాళ్లు, ఈతలు, ఒక మోదుగ. ముట్టడి సాగింది జనవరి, ఫిబ్రవరి రోజుల్లో. మోదుగ ఆకు రాల్చి పువ్వు తొడిగే కాలం అది. ఎండిన తులసి కొమ్మకు సూది మొనతో కాషాయం చుక్కలు పెడితే మోదుగ వచ్చింది. మొత్తం బల్ల మీద అంత గట్టి రంగు అదొక్కటే.

మట్టి మాత్రం కోటది కాదు, రక్షిత కట్టడం నుంచి పిడికెడు తీసినా నేరమే. మా చెలక నుంచి తెచ్చిన ఎర్రమట్టిని చాయ్ జాలితో, ఆ తర్వాత పల్చటి గుడ్డతో జల్లించి ఫెవికాల్ మీద చల్లాను. మంజనీకును బల్ల మీదికి తేలేదు, అది చూసేవాడి వీపు వెనకెక్కడో ఉంది. దాని రాళ్లు మాత్రం ఉన్నాయి, అచ్చులు పోసే డెంటల్ స్టోన్‌తో గుండ్రంగా నూరినవి. గోడ అడుగున చెల్లాచెదురుగా పడి ఉంటాయి, ఒక్కటి కూడా మట్టిలో దిగలేదు. ఖుస్రో మాటకు నేనిచ్చిన గౌరవం. ఫిరంగి ఏదన్నా అని అడిగేవాళ్ల కోసం: 1310లో ఇక్కడ ఫిరంగి మోగలేదు.

చివరికి ఏనుగు మిగిలింది. గోడ వెనకాల నిలబడుతుంది, చూసేవాడికి తల, వీపు, మీదున్న మనుషులు మాత్రమే కనబడతారు. సగం ఏనుగే కదా అని ఏదో ఒకటి పెట్టడానికి లేదు, కనబడే సగంలోనే అంతా ఉంది. హన్నిబాల్ సైన్యం పేరుతో దొరికే ఏనుగులు ఆఫ్రికావి. చెవులు భుజం దాకా, వీపు నడుమ పల్లం. మన ఏనుగుకు నడినెత్తి మీద రెండు కుంభాలు, అదే అన్నిటికంటే ఎత్తు, వీపు పైకి ఉబ్బి ఉంటుంది, చెవి చిన్నది. రామప్ప గుడి అడుగున చుట్టూ నడిచే ఏనుగుల వరుసను చూస్తే చాలు. అందుకని పురుషోత్తముడి సెట్టులోని ఏనుగునే తెచ్చి, కుంభాలు కొంచెం పెంచి, పై సరంజామా తీసేశాను. మావటికి మంగోల్ రౌతు కాళ్లు, జూలూ మొండెం. చెవుల వెనక మోకాళ్లు ముడుచుకుంటాడు కాబట్టి అతుకు కనబడదు. అంకుశం, ఈటెలకు వాడగా మిగిలిన తీగ ముక్క.

దంతాలు ప్లాస్టిక్‌లో పోసినవి మొద్దుగా ఉన్నాయని కోసేశాను. పంటి యాక్రిలిక్‌తోనే కొత్తవి పోశాం. తెల్లగా పెడితే బాగుండదు, ముసలి ఏనుగు. మా పిలగాడు పంటి రంగులను నంబర్లతో చూపించే షేడ్ గైడు పట్టుకొచ్చి, కిటికీ వెలుతురులో ఏనుగు మూతి పక్కన పెట్టి, పేషెంటును చూసినంత శ్రద్ధగా చూశాడు. "అన్నా, ఏ3 అయితే తెలుపెక్కువైతది. ఏ3.5 పెడ్దాం" అన్నాడు. ఏ3.5 పెట్టాం.